నడుము నొప్పి: మాట మారితే నడక మారుతుందా?

నడుము పట్టేసిందని ఎవరైనా అనగానే చుట్టుపక్కల వాళ్ళ సలహాలు ఇంచుమించు ఒకే వరసలో వస్తాయి. వంగకు. బరువెత్తకు. కదలకుండా పడుకో. ముందు స్కానింగ్ తీయించు. తీయించాక రిపోర్టులో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది: డిస్క్ జారింది, డిస్క్ అరిగింది, పూసల మధ్య గ్యాప్ వచ్చింది, నరం నొక్కుకుంది. నిన్నటిదాకా నడుము నొప్పి ఉన్న మనిషి, ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి నడుము పోయిన మనిషి అవుతాడు. కుర్చీలోంచి లేవడానికి కూడా ఊపిరి బిగబట్టి, నడుముకు చెయ్యి ఆనించి లేస్తాడు.

2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని ప్రపంచ వ్యాధి భారం అధ్యయనం లెక్కగట్టింది. మనిషిని పనికి దూరం చేసే ఆరోగ్య సమస్యల్లో దీనిదే మొదటి స్థానం. వీళ్ళలో నూటికి తొంభై మందికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలుపెట్టి చూపగల కారణం దొరకదు. దొరకలేదంటే నొప్పి లేదని కాదు. కండరాలు, కీళ్ళు, లిగమెంట్లు, నిద్ర, అలసట, ఆందోళన కలగలిసి నొప్పిని పుట్టిస్తాయి, ఏది ఎంత అన్నది ఏ స్కానూ విడదీసి చెప్పలేదు. సరిగ్గా ఆ ఖాళీలోకే నమ్మకాలు వచ్చి కూర్చుంటాయి.

ఆ నమ్మకాలను ప్రచారంతో మార్చవచ్చా, మారిస్తే జనం త్వరగా లేచి తిరుగుతారా? కొన్ని దేశాలు డబ్బు ఖర్చుపెట్టి ఈ ప్రశ్నను పరీక్షించాయి. తేలిందేమిటంటే, నమ్మకాన్ని మార్చడం అనుకున్నంత కష్టం కాదు. మారిన నమ్మకం ప్రకారం మనిషి నడుచుకోగలిగే ఏర్పాటు చేయడమే కష్టం.

జారని డిస్క్, తగ్గే గ్యాప్

ముందు ఆ రిపోర్టు మాటల సంగతి చూద్దాం. డిస్క్ సబ్బుబిళ్ళలా జారే వస్తువు కాదు. పై పూసకూ కింది పూసకూ గట్టి పీచు వలయాలతో అతుక్కుని ఉంటుంది. దాని అంచు ఉబ్బవచ్చు, వలయం చీలి లోపలి మెత్తని పదార్థం కొంత బయటికి రావచ్చు. మొత్తం డిస్క్ మాత్రం తన చోటు వదిలి పోదు. "గ్యాప్ వచ్చింది" అన్న మాట మరీ విచిత్రం. వయసుతో డిస్కులో నీటి శాతం తగ్గి దాని ఎత్తు తగ్గుతుంది, కాబట్టి ఫిల్ములో పూసల మధ్య ఖాళీ తగ్గి కనిపిస్తుంది. జరిగింది ఒకటైతే జనం నోట నిలిచింది దానికి సరిగ్గా తలకిందులు.

ఈ మార్పులు నొప్పి లేనివాళ్ళలోనూ బోలెడు. 33 అధ్యయనాల నుంచి నడుము నొప్పి లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను కూర్చి 2015లో ఒక సమీక్ష వెలువడింది. డిస్క్ అరుగుదల 20 ఏళ్ళ వాళ్ళలో 37 శాతం, 50 ఏళ్ళకు 80 శాతం, 80 ఏళ్ళకు 96 శాతం. డిస్క్ ఉబ్బు 20 ఏళ్ళకు 30 శాతం, 50 ఏళ్ళకు 60 శాతం, 80 ఏళ్ళకు 84 శాతం. అంటే హాయిగా తిరుగుతున్న యాభై ఏళ్ళ మనుషుల్ని పది మందిని తెచ్చి స్కాన్ చేస్తే ఎనిమిది మంది రిపోర్టుల్లో "అరిగింది" అని ఉంటుంది. తల నెరిసిందని ఎవరూ ఆస్పత్రికి పోరు. లోపలి నెరుపు ఎవరికీ కనబడదు కాబట్టి, కనబడిన రోజున జబ్బు అనిపిస్తుంది.

డిస్క్ నిజంగానే బయటికి వచ్చి, కాలిలోకి నొప్పి లాగుతున్న సందర్భాల్లో కూడా అది శాశ్వతం కాదు. బయటపడిన ముక్కను ఒంట్లోని రక్షణ కణాలు గుర్తుపట్టి క్రమంగా కరిగిస్తాయి. 2015లోనే వచ్చిన మరో సమీక్ష ప్రకారం పూర్తిగా తెగి బయటపడిన ముక్కలు 96 శాతం సందర్భాల్లో వాటంతట అవే కరగడమో కుదించుకుపోవడమో జరిగింది. ఉత్త ఉబ్బు తగ్గింది 13 శాతమే. రిపోర్టులో చూడటానికి ఎంత భయంకరంగా ఉంటే కరిగే అవకాశం అంత ఎక్కువన్న మాట. రిపోర్టు చదివి హడలిపోయే మనిషికి ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పరు.

చెప్పకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో 2001లో వెలువడిన ఒక పరీక్ష చూపింది. కనీసం ఆరు వారాలుగా నొప్పి ఉన్న 421 మందిలో సగం మందికి ఎక్స్‌రే తీశారు, సగం మందికి మామూలు వైద్యం ఇచ్చారు. మూడు నెలలకు చూస్తే ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళలోనే నొప్పి ఉందన్నవాళ్ళు ఎక్కువ. అయితే తొమ్మిది నెలలకు అడిగితే వైద్యం పట్ల తృప్తిగా ఉన్నదీ వాళ్ళే. రెండు గుంపుల్లోనూ, అవకాశం ఇస్తే ఎక్స్‌రే తీయించుకుంటామన్నవాళ్ళు 80 శాతం. తృప్తి ఒకవైపు, కోలుకోవడం మరోవైపు లాగాయి. జనం అడిగినదల్లా ఇస్తూ పోతే ఎందుకు మేలు జరగదో ఇక్కడే ఉంది.

మంచం ఎప్పుడు మందు కాకుండా పోయింది

పడుకోమనే సలహా మూఢనమ్మకమేమీ కాదు, 1980ల దాకా డాక్టర్లు రాసిచ్చిన వైద్యమే. వారం రోజుల పూర్తి విశ్రాంతి మామూలు. 1986లో అమెరికాలో 203 మంది రోగులను రెండుగా చేసి, ఒకరికి రెండు రోజులు, మరొకరికి ఏడు రోజులు పడుకోమని చెప్పారు. కోలుకోవడంలో తేడా లేదు, పని పోగొట్టుకున్న రోజులు మాత్రం రెండు రోజుల గుంపులో 45 శాతం తక్కువ. 1995లో హెల్సింకి నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మందితో ఇంకో అడుగు వేశారు: ఒక గుంపుకు రెండు రోజుల విశ్రాంతి, ఒక గుంపుకు నడుము వ్యాయామాలు, మూడో గుంపుకు భరించగలిగినంత మేర మామూలు పనులు. అందరికన్నా త్వరగా కోలుకున్నది మూడో గుంపు. అందరికన్నా నెమ్మది, పడుకున్నవాళ్ళు.

గమనించాల్సిందేమిటంటే, ఆ తీవ్రమైన రోజుల్లో ప్రత్యేక వ్యాయామాలు కూడా మామూలు కదలికను మించలేదు. "వెంటనే వ్యాయామం మొదలుపెట్టు" అన్నది "పడుకో" అన్నదానికి సరైన జవాబు కాదు. "నీ రోజువారీ పనులు వీలైనంత సాగించు" అన్నది జవాబు. చాలా కరపత్రాలు ఈ తేడా దగ్గరే తప్పుతాయి.

విక్టోరియాలో ఏం చేశారు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఉద్యోగంలో గాయపడిన వాళ్ళకు పరిహారం చెల్లించే సంస్థ 1997 సెప్టెంబరులో ఒక ప్రచారం మొదలుపెట్టింది. పేరు "బ్యాక్ పెయిన్: డోంట్ టేక్ ఇట్ లైయింగ్ డౌన్". ఆ మాటకు ఆంగ్లంలో రెండర్థాలు: పడుకుని ఉండిపోకు, లొంగిపోకు. జనం ఎక్కువగా చూసే వేళల్లో టీవీ ప్రకటనలు, వాటిలో పేరున్న డాక్టర్లు, జనానికి తెలిసిన క్రీడాకారులు. చెప్పింది నాలుగే ముక్కలు: నడుము నొప్పి మామూలుగా ప్రమాదకరం కాదు, కదులుతూ ఉండండి, పనికి వెళ్ళడం ఆపకండి, ఎక్స్‌రేలతో ఒరిగేది తక్కువ. అవే ముక్కలతో డాక్టర్లకు మార్గదర్శకాలు వెళ్ళాయి.

ఫలితం కొలవడానికి వాడిన సాధనం నడుము నమ్మకాల ప్రశ్నావళి. ఇందులో 14 వాక్యాలుంటాయి. నడుము నొప్పి వచ్చిందంటే ఇక జీవితాంతం ఉంటుందని, చివరికి పని మానాల్సి వస్తుందని, విశ్రాంతి తప్పదని, ఇలాంటి వాటితో ఎంతవరకు ఏకీభవిస్తారో ఒకటి నుంచి అయిదు దాకా చెప్పాలి. లెక్కలోకి తీసుకునేవి తొమ్మిదే, మిగతా అయిదు దృష్టి మళ్ళించడానికి. కాబట్టి స్కోరు 9 నుంచి 45 మధ్య ఉంటుంది, ఎక్కువైతే ఆశావహం. ప్రచారానికి ముందు విక్టోరియా సగటు 26.5. ప్రచారం సాగుతుండగా 28.4, చివరికి 29.7. ప్రచారం లేని పొరుగు రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో అదే కాలంలో 26.3, 26.2, 26.3.

మూడు మార్కుల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. తొమ్మిది వాక్యాలకు పంచితే వాక్యానికి మూడో వంతు మార్కు. కానీ ఇది ఒక మనిషి స్కోరు కాదు, ఒక రాష్ట్రం మొత్తం సగటు. నొప్పి ఉన్నవాళ్ళతోపాటు లేనివాళ్ళూ మారారు. ఆ లేనివాళ్ళే రేపటి రోగులు, నేటి సలహాదారులు. అదే కాలంలో నడుము నొప్పికి పరిహారం కోరే దరఖాస్తులు దాదాపు 15 శాతం, ఒక్కో దరఖాస్తుకు వైద్య ఖర్చు 20 శాతం తగ్గాయి. 2,556 మంది కుటుంబ వైద్యులను ప్రశ్నిస్తే వాళ్ళ అవగాహన కూడా మెరుగుపడిందని తేలింది. చిన్న పిట్టకథ: అదే పరిశోధకులు తర్వాత చూస్తే, నడుము నొప్పిలో తమకు ప్రత్యేక ఆసక్తి ఉందన్న డాక్టర్ల అవగాహనే మిగతావాళ్ళ కన్నా తక్కువగా ఉంది.

అదే విత్తనం, వేరే నేల

విక్టోరియా ఫలితం చూసి స్కాట్లండ్, నార్వే, కెనడాలోని ఆల్బెర్టా తమ తమ ప్రచారాలు నడిపాయి. స్కాట్లండ్‌లో 2000 అక్టోబరులో రేడియో ప్రకటనలతో మొదలైంది. అంతకుముందు విశ్రాంతే మంచిదన్నవాళ్ళు 55 శాతం, కదలాలన్నవాళ్ళు 40 శాతం. కొద్ది వారాల్లోనే అది తిరగబడింది, 30 శాతం, 60 శాతం అయింది, మూడేళ్ళ దాకా నిలిచింది. నమ్మకం పరంగా ఇంతకన్నా ఏం కావాలి? అయినా ఉద్యోగాలకు సెలవులు తగ్గలేదు, అనారోగ్య భృతి కోరేవాళ్ళూ తగ్గలేదు. నార్వేలో రెండు కౌంటీల్లో 2002 నుంచి 2005 దాకా నడిపారు. నమ్మకాలు కొద్దిగా మెరుగయ్యాయి, సెలవులూ స్కానింగులూ ఎక్కడివక్కడే. ఆల్బెర్టాలోనూ దాదాపు అంతే.

ఎందుకిలా? కొంత డబ్బు సంగతి. టీవీలో ముఖ్యమైన వేళల్లో పదే పదే కనిపించడానికీ రేడియోలో అప్పుడప్పుడు వినిపించడానికీ పోలిక లేదు. కానీ అసలు తేడా సందేశం వెనుక నిలబడిన వ్యవస్థలో ఉంది. విక్టోరియాలో ప్రకటన ఇచ్చిన సంస్థే పరిహారం చెల్లించే సంస్థ. పని గురించి సూటిగా మాట్లాడింది, డాక్టర్లకూ అదే మాట పంపింది, యజమానుల మీద దానికి పట్టు ఉంది. స్కాట్లండ్‌లో "కదులుతూ ఉండండి" అన్న మాట బాగా వినబడింది, "పనికి వెళ్ళండి" అన్నది అంత గట్టిగా వినబడలేదు. సెలవు చీటీ రాసే పద్ధతి మారలేదు.

ఒక గోదాము కార్మికుణ్ణి ఊహించండి. నొప్పితోనే కదలడం మంచిదని ప్రకటన విన్నాడు, నమ్మాడు. మేనేజరు మాత్రం "పూర్తిగా తగ్గాకే రా, మధ్యలో ఏమైనా అయితే నా మీదికి వస్తుంది" అన్నాడు. తేలిక పని ఇవ్వడానికి ఆ చోట ఏర్పాటు లేదు. సెలవులో ఉంటేనే జీతం వస్తుంది, సగం రోజు పని చేస్తే రాదు. ఇతని నమ్మకాల స్కోరు 45 అయినా ఇంట్లోనే ఉంటాడు. అందుకే ప్రచారానికి ఖర్చుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి: తేలిక పని ఎవరు ఇస్తారు, ఎన్ని రోజులు, ఆ కాలానికి జీతం ఎలా, డాక్టరు చీటీలో "పని వద్దు" బదులు "ఈ పనులు చేయవచ్చు, ఇవి రెండు వారాలు వద్దు" అని రాయడానికి చోటుందా.

రిపోర్టుల్లో మాటలు మార్చితే చాలన్న ఆలోచన కూడా పరీక్షకు నిలబడలేదు. అమెరికాలో రెండున్నర లక్షల మంది రోగుల నడుము రిపోర్టుల్లో, నొప్పి లేనివాళ్ళలో కూడా ఈ మార్పులు ఎంత మామూలో చెప్పే పేరా చేర్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితం: నల్లమందు జాతి నొప్పి మందుల (ఓపియాయిడ్ల) చీటీలు కాస్త తగ్గాయి, మొత్తం నడుము వైద్య వినియోగం తగ్గలేదు. పేరా మంచిదే. కానీ అప్పటికే స్కానింగ్ గది దాకా వచ్చిన మనిషికి అది ఆలస్యంగా అందిన ఉత్తరం.

నలుగురిలో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పేటప్పుడు

చికిత్స గదిలో ఇచ్చే చదువుకు కూడా హద్దులున్నాయి. 2019లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరీక్షలో కొత్తగా నొప్పి వచ్చిన 202 మందిలో సగం మందికి గంట చొప్పున రెండుసార్లు నొప్పి గురించి వివరంగా చెప్పారు. మిగతా సగానికి అంతే సేపు ఊరికే వాళ్ళ మాట విన్నారు. మూడు నెలలకు నొప్పిలో తేడా లేదు. చదువు నొప్పి మాత్ర కాదు. దాని పని భయాన్ని దించడం, అనవసరమైన స్కానింగును ఆపడం, కదలడానికి అనుమతి ఇవ్వడం. అంతకుమించి ఆశపెట్టే ఉపన్యాసం తొలి నొప్పి రోజునే పరువు పోగొట్టుకుంటుంది.

ఎక్కువగా పాడుచేసేది "స్కానింగ్‌లో ఏమీ లేదు" అన్న మాట. చెప్పేవాళ్ళు ధైర్యం చెప్పామనుకుంటారు. వినేవాళ్ళకు మాత్రం "నువ్వు నటిస్తున్నావు" అని వినబడుతుంది. "నొప్పంతా మనసులోనే" అన్నది దానికి అక్క. దానికి బదులు చూసిందేమిటో, కొట్టేసిందేమిటో విడివిడిగా చెప్పాలి: "మీ కాళ్ళ బలం, స్పర్శ, రిఫ్లెక్సులు చూశాను, బాగున్నాయి. ఎముక విరగడం, ఇన్ఫెక్షన్, కణితి సూచించే గుర్తులు లేవు. నొప్పి నిజమే, నడుము బెణికి చిరాకుగా ఉంది. ఎక్కువమందికి ఆరు వారాల్లో బాగా తగ్గుతుంది. మళ్ళీ రావచ్చు కూడా, వస్తే ఏం చేయాలో ఇప్పుడే అనుకుందాం." ఆ చివరి వాక్యం వదిలేయకూడదు. కోలుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ఏడాదిలోగా మళ్ళీ వస్తుంది. "ఇక రాదు" అని మాటిచ్చి పంపితే రెండోసారి వచ్చిన నొప్పి, మనం చెప్పిన మిగతా నిజాలను కూడా అబద్ధం చేస్తుంది.

చెప్పడానికి ముందు అడగడం ఇంకా ముఖ్యం. "మీ నడుములో ఏమైందని మీరనుకుంటున్నారు?" "ఏ పని చేస్తే ఏమవుతుందని భయం?" ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే దిద్దాల్సిన నమ్మకం దొరుకుతుంది. వంగితే డిస్క్ పగిలిపోతుందని భయపడే మనిషికి నడక గురించి అరగంట చెప్పి లాభం లేదు. అక్కడే, ఎదురుగా, కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ళ దాకా, తర్వాత మడమల దాకా, ఊపిరి వదులుతూ మెల్లగా వంగి చూడమనాలి. ఏమీ పగలలేదని ఒళ్ళే చెబుతుంది.

కదలికకు కొలత ఇవ్వాలి. బాగున్న రోజున విరగబడి చేసి మర్నాడు మంచానపడటం, మూడు రోజులు ఆగి మళ్ళీ విరగబడటం చాలామంది చేసే పొరపాటు. చెడ్డ రోజున కూడా చేయగలిగినంతే మొదటి కొలత. పది నిమిషాలు నడిస్తే నొప్పి బాగా పెరుగుతుందంటే ఎనిమిది నిమిషాలతో, రోజుకు రెండుమూడు సార్లు మొదలుపెట్టాలి. రెండుమూడు రోజులకో నిమిషం చొప్పున పెంచాలి. నొప్పి తక్కువుందని ఎక్కువ నడవకూడదు, ఎక్కువుందని మానకూడదు. కదిలేటప్పుడు నొప్పి కాస్త పెరిగి, రాత్రికో తెల్లారేసరికో మునుపటి స్థాయికి వస్తే ఆ కొలత సరైనదే. మర్నాడు మధ్యాహ్నం దాకా దిగకపోతే రెండు నిమిషాలు వెనక్కి. నడక ఫలితం కూడా కొలిచారు: 2024లో వెలువడిన పరీక్షలో, నొప్పి తగ్గిన 701 మందిలో ఫిజియోథెరపిస్టు సాయంతో వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు లక్ష్యంగా నడక పెంచుకున్నవాళ్ళకు నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్ళకు 112 రోజులు.

వంగి బరువెత్తే సంగతి వేరుగా చెప్పుకోవాలి. నడుము నిటారుగా పెట్టి మోకాళ్ళు వంచి ఎత్తాలని అందరికీ నేర్పిస్తాం. నడుము వంచి ఎత్తడమే నొప్పికి కారణమనడానికి 2020 నాటి సమీక్షకు ఆధారం దొరకలేదు. నొప్పి ఎప్పుడు మొదలైందని సిడ్నీలో 999 మందిని అడిగిన అధ్యయనంలో అసౌకర్యమైన భంగిమలో బరువు పనులతోపాటు పరధ్యానం, అలసట బలంగా కనిపించాయి. కాబట్టి భంగిమ మీద పాఠం కన్నా "అలసి ఉన్నప్పుడు, ఫోనులో మాట్లాడుతూ ఎత్తకు; అలవాటు లేని బరువును కొద్దికొద్దిగా అలవాటు చేసుకో" అన్నది పనికొచ్చే సలహా. నడుము బెల్టుల సంగతి ఒక్క ముక్కలో: దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును సాగదీసి లాగే చికిత్సను) మామూలు వాడకానికి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో తేల్చి చెప్పింది.

ధైర్యం చెప్పే ఏ సందేశంలోనైనా మినహాయింపులు ఉండి తీరాలి, లేకపోతే అది ప్రమాదం. సిడ్నీలో కుటుంబ వైద్యుల దగ్గరికి కొత్తగా నొప్పితో వచ్చిన 1,172 మందిని ఏడాది పాటు గమనిస్తే తీవ్రమైన జబ్బు తేలింది 11 మందికి, అందులో 8 ఎముక విరుగుళ్ళు. తక్కువే, కానీ ఆ పదకొండు మంది తప్పిపోకూడదు. మల మూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం, వీటిలో ఏది కొత్తగా వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరంతో నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోవడం లేదా దెబ్బ తగలడం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడటం ఉంటే త్వరగా డాక్టరుకు చూపించుకోవాలి. స్కానింగ్ ఉన్నది ఇలాంటి వాళ్ళ కోసమే.

విక్టోరియాలో ప్రకటనలు ఆగిపోయిన మూడేళ్ళకు మళ్ళీ ఫోన్లు చేసి అదే ప్రశ్నావళి అడిగారు. సగటు 28.8. చివరి స్కోరు 29.7 నుంచి దాదాపు ఒక మార్కు జారింది, మొదటి 26.5కు మాత్రం తిరిగి పోలేదు. మొదటి దఫా ఖర్చు రాసుకునేటప్పుడే మూడేళ్ళకోసారి మళ్ళీ గుర్తుచేసే ఖర్చు కూడా పక్కన రాసిపెట్టుకోవాలి. కొలిచేటప్పుడు ప్రశ్నావళి ఒక్కటే కాదు, సెలవు రోజుల లెక్క, తీసిన స్కానుల లెక్క కూడా మొదటి రోజు నుంచే, ప్రచారం లేని ఒక పొరుగు ప్రాంతంతో పక్కపక్కన పెట్టి తీయాలి. న్యూ సౌత్ వేల్స్ లెక్క పక్కన లేకపోయి ఉంటే విక్టోరియాలో మారింది ప్రచారం వల్లో, కాలం వల్లో ఎవరూ చెప్పగలిగేవాళ్ళు కాదు.